ముందు నెల, తర్వాతే దీవి

మా తమ్ముడు న్యూజెర్సీలో ఉంటాడు. అక్కడ వీకెండ్లలో తెరచాప పడవ నడపడం నేర్చుకుని సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. అప్పటినుంచి మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఇంకో మాట లేదు. "అక్కా, హోటల్ వద్దు, రిసార్ట్ వద్దు. మనకే ఒక పడవ, వారం రోజులు. ఎక్కడికి పోదామో చెప్పు" అంటాడు. ఆ మెసేజీ కింద ఇరవై ఫొటోలు. అన్నిట్లో ఒకే నీలం, ఒకే తెల్ల ఇసుక, నీళ్ల మీదికి వంగిన ఒకే కొబ్బరిచెట్టు. పేర్లు తీసేస్తే ఏది ఏ దేశమో పంపినవాడే చెప్పలేడు.

హోటలైతే ఫొటో చూసి బుక్ చేసుకోవచ్చు. గోడలు కదలవు, వానొస్తే కిటికీ మూసుకుంటాం. పడవ మీద రోజు ఎలా గడవాలన్నది గాలి చేతిలో ఉంటుంది. ఆ గాలి ఫొటోలో పడదు. అందుకే "ఎక్కడికి" అని మొదలుపెట్టడమే తప్పంటాను నేను. ముందు అడగాల్సింది "ఏ నెలలో" అని. ఆ తర్వాత "ఇంట్లో అందరికంటే ముందు వాంతి చేసుకునేది ఎవరు" అని. ఈ రెండిటికీ నిజాయితీగా జవాబు చెప్పుకుంటే చాలా చోట్లు వాటంతటవే రాలిపోయి రెండో మూడో మిగులుతాయి.

ఈ తెలివి నాకు డబ్బులు వదిలాక వచ్చింది. తమ్ముడి సర్టిఫికెట్‌కు ముందు సంగతి. ఫొటో చూసి, ధర చూసి, జూన్‌లో ఫుకెట్‌లో ఒక పడవ మాట్లాడాను, సరంగుతో సహా. డిసెంబర్ ధరలో సగం కూడా లేదు. బేరం బాగా కుదిరిందని మా ఆయన దగ్గర గొప్పలు పోయాను. జూన్ మొదట్లో నైరుతి రుతుపవనాలు కేరళ తాకాయని ఏటా టీవీలో వింటూనే ఉంటాం. అదే నైరుతి గాలి బంగాళాఖాతం అవతల థాయిలాండ్ పడమటి తీరాన్ని కూడా మే నుంచి అక్టోబర్ దాకా బాదుతుందని మాత్రం తట్టలేదు. మన వాన మనకొక్కరికే అనుకుంటాం కాబోలు. నేను ముచ్చటపడిన ఫొటోలన్నీ సిమిలన్ దీవులవి. ఆ దీవుల పార్కును ఏటా మే మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకా అక్కడి ప్రభుత్వమే మూసేస్తుంది. పడవ అద్దెకిచ్చినవాళ్లు ఆ మాట చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఫుకెట్‌ను తిట్టడం నా ఉద్దేశం కాదు. దీవికి తూర్పున ఫాంగ్‌ఙా అఖాతం ఉంది. నీళ్లలోంచి నిట్టనిలువుగా లేచిన సున్నపురాతి కొండలు, వాటి కడుపులో గుహలు. ఫుకెట్ దీవి అడ్డు కాబట్టి నైరుతి గాలి అక్కడికి అంతగా రాదు. వానలో కూడా అందంగానే ఉంది. అక్కడే నాలుగు రోజులు తిరిగి వచ్చేస్తే ఈ వ్యాసం రాసేదాన్నే కాదు. ఫీఫీ దీవులు చూడాల్సిందేనని పట్టుబట్టాను. అఖాతం దాటి బయటికి రాగానే పడవ ఊగుడు మారిపోయింది. వెళ్లేటప్పుడు గాలి వెనకనుంచి తోసింది, ఎలాగో నెట్టుకొచ్చాం. తిరుగు దారిలో ఎదురు గాలి. అమ్మ బకెట్ ఒళ్లో పెట్టుకుని నేల మీద కూచుంది. నాలుగు గంటలు అలాగే. "ఇంకెప్పుడూ నన్ను సముద్రం మీదికి రమ్మనకే" అంది, గొంతు పెంచకుండా.

అమ్మది దివిసీమ, నాగాయలంక వైపు. 1977 నవంబర్ 19న ఉప్పెన వచ్చినప్పుడు ఆమెకు పద్నాలుగేళ్లు. మా తాతయ్య వాళ్లను ముందురోజే మేనమామ ఇంటికి పంపాడు కాబట్టి బతికారు. ఆ రాత్రి పదివేలమందికి పైగా పోయారు. ఆమె ఎప్పుడూ ఆ కథ పూర్తిగా చెప్పదు. కార్తీకంలో సముద్రాన్ని నమ్మకూడదు, గాలి మళ్లితే ఇల్లు వదలాలి, ఇలా ముక్కలుముక్కలుగా వస్తుంది. అంచేత మా ఇంట్లో సముద్ర ప్రయాణం అనుకున్నప్పుడల్లా తుఫాను లెక్క పక్కన పెట్టే వీలు లేదు. నిజానికి ఎవరింట్లోనైనా అంతే. మాకు గుర్తుచేసే మనిషి ఇంట్లోనే ఉంది.

ఫుకెట్ తర్వాత నాకు అర్థమైన మరో సంగతి ధరల గురించి. అద్దె ధర వాతావరణాన్ని బట్టి పెరిగి తగ్గుతుందని అనుకుంటాం. సగమే నిజం. ఎక్కువ భాగం బడి సెలవులను బట్టి పెరుగుతుంది. క్రిస్మస్, కొత్త సంవత్సరం వారాల్లో కరీబియన్‌లో పడవల ధరలు ఆకాశంలో ఉంటాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే అక్కడ ఏడాది మొత్తంలో గట్టి గాలులు వీస్తాయి. వాటికి క్రిస్మస్ గాలులనే పేరు కూడా ఉంది. ఒక్కోసారి 25, 30 నాట్ల దాకా పోతాయి. ఒక నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు. పదిహేను నాట్లకే సముద్రం మీద తెల్ల నురగ లేస్తుంది, పాతికలో చిన్నపిల్లలతో అన్నం తినడం కూడా కుదరదు. అంటే అందరికంటే ఎక్కువ డబ్బు కట్టినవాళ్లే అందరికంటే ఎక్కువ ఊగుతారు. ధర తగ్గిందంటే కారణం రెండిట్లో ఒకటి: వాతావరణం పాడై ఉండాలి, లేదా పెద్ద దేశాల బళ్లు తెరిచి ఉండాలి. నేను మొదటి రకం తగ్గింపుకు పడిపోయాను. వెతుక్కోవాల్సింది రెండోది.

మా పిల్లకు పరీక్షలు మార్చితో అయిపోతాయి. తమ్ముడి పిల్లలకు ఈస్టర్ సెలవులు. బడికి నాలుగు రోజులు ఎగ్గొడితే పన్నెండు రోజులు కలిసొస్తాయి. అంటే ఏప్రిల్. ఇంకో నెల మా చేతిలో లేదు. జాబితా అక్కడినుంచి మొదలుపెట్టాం, తమ్ముడు గొణుగుతూనే.

వాడి ఓటు మొదటినుంచీ కరీబియన్‌లోని బ్రిటిష్ వర్జిన్ దీవులకే. స్నేహితులతో ఒకసారి వెళ్లొచ్చాడు కూడా. వాడి వాదనలో బలం ఉందని ఒప్పుకోవాలి. కుటుంబంతో మొదటిసారి పడవెక్కేవాళ్ల కోసం దేవుడే గీసిచ్చిన పటంలా ఉంటుంది ఆ చోటు. మధ్యలో సర్ ఫ్రాన్సిస్ డ్రేక్ చానల్, రెండు పక్కలా దీవుల వరుసలు. మహాసముద్రం అలను ఆ వరుసలే ఆపేస్తాయి. తూర్పునుంచి వ్యాపార పవనాలు రోజూ ఒకే తీరుగా వీస్తాయి. ఏ దీవిలో లంగరు వేసినా తర్వాతి దీవి కంటికి కనిపిస్తూనే ఉంటుంది. చాలా ప్రయాణాలు గంట, రెండు గంటలే. ఆటుపోట్ల తేడా అడుగు మించదు. పొద్దున లంగరు తీసి, మధ్యాహ్నానికి నార్మన్ దీవి గుహల దగ్గర పిల్లల్ని ఈతకు దింపి, సాయంత్రానికి ఇంకో రేవు చేరొచ్చు. వర్జిన్ గోర్డాలో ఇళ్లంత గ్రానైట్ బండలు నీళ్లలో ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి, ఆ సందుల్లోంచి పిల్లలు పాకుతూ పోవచ్చు. ఒక్క అనెగాడా మాత్రమే వరుసకు దూరంగా, బల్లపరుపుగా, చుట్టూ పెద్ద పగడపు దిబ్బతో ఉంటుంది. దాన్ని వదిలేస్తే మిగతాదంతా పెరట్లో తిరిగినట్టే.

ఏప్రిల్, మే నెలలు అక్కడ ఇంకా మంచివి. గాలి కాస్త నెమ్మదిస్తుంది, తుఫానుల కాలం జూన్ 1కి గాని మొదలవదు. ఈ తుఫానుల మాట వచ్చినప్పుడు అమ్మకు అట్లాసు చూపించాను. ఆ దీవుల రాజధాని, టోర్టోలా దీవిలోని రోడ్ టౌన్, 18.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మన శ్రీకాకుళం 18.3. భూమికి ఇటు ఒకరు, అటు ఒకరు, ఒకే గీత మీద. శ్రీకాకుళానికి 2018 అక్టోబర్‌లో తిత్లీ వచ్చింది. టోర్టోలాకు 2017 సెప్టెంబర్ 6న ఇర్మా వచ్చింది. తుఫానొస్తే పడవల్ని దాచుకునే చోటని పేరున్న పరాకీటా బేలో వందల పడవలు ఒకదాని మీదొకటి పేర్చినట్టు పడ్డాయి. అమ్మ ఆ ఫొటో చూసి "మన ఊళ్లో నావలు కొబ్బరితోటల్లో దొరికినట్టు" అంది.

తమ్ముడికి నా జవాబు ఇది: నువ్వు చెప్పేది నీకు నిజం. న్యూజెర్సీ నుంచి రోజులోపే ప్రయాణం. హైదరాబాద్ నుంచి రెండు మూడు విమానాలు, దాదాపు రెండు రోజులు, దారిలో దేశాల వీసాలు. అరవై దాటి, మోకాళ్ల నొప్పులున్న మనిషిని అంత దూరం లాక్కెళ్లి, గడియారం తలకిందులై ఉండగా పడవెక్కిస్తే మొదటి మూడు రోజులు నిద్రకే పోతాయి. ఏడు రోజుల ప్రయాణంలో మూడు! "మొదటిసారి వెళ్లేవాళ్లకు అదే బెస్టు" అని అందరూ రాస్తారు. రాసేవాళ్లంతా ఎక్కడినుంచి బయలుదేరుతారో చూడాలి కదా.

మా ఆయన మాల్దీవులన్నాడు. దగ్గర, వీసా గొడవ లేదు. కానీ అది తెరచాప పడవల దేశం కాదు. దాదాపు 1,200 దీవులున్నా కొండ అన్నది లేదు, గాలికి చాటు దొరకదు. పగడపు వలయాల లోపల నీళ్లు లోతు, లంగరు వేయడం కష్టం, నీటి అంచుకు కొంచెం కిందుగా దిబ్బలు. రిసార్టు దీవుల్లో బయటివాళ్లను దిగనివ్వరు. అందుకే అక్కడ తిరిగేవి ఎక్కువగా ఇంజన్ సఫారీ పడవలు. డైవింగ్ చేసేవాళ్లకు సరే.

ఆస్ట్రేలియాలోని విట్‌సండే దీవులు నాకు చాలా నచ్చాయి. మొత్తం 74 దీవులు, గ్రేట్ బ్యారియర్ రీఫ్ అడ్డు, వైట్‌హెవెన్ తీరంలో ఏడు కిలోమీటర్ల తెల్ల ఇసుక. లైసెన్స్ లేనివాళ్లకు కూడా ఒక పూట నేర్పి పడవ ఇస్తారు. కాకపోతే ఏప్రిల్‌లో ఇంకా విషపు జెల్లీచేపల కాలం. ఒళ్లంతా కప్పే సూటు వేసుకుంటే తప్ప నీళ్లలోకి దిగకూడదు. తొమ్మిదేళ్ల పిల్లకు రోజుకు నాలుగుసార్లు ఆ సూటు తొడగడం ఊహించుకుని ఆ పేజీ మూసేశాను. జూన్ నుంచి సెప్టెంబర్ మధ్య తిమింగలాలు వచ్చే కాలంలో ఎప్పుడైనా వెళ్లాలి.

కరీబియన్‌లోనే గ్రెనడీన్ దీవులు తమ్ముడి రెండో కోరిక. టొబేగో కేస్ దగ్గర తాబేళ్లతో ఈత గురించి నాకూ ఆశే. అయితే అక్కడ దీవికీ దీవికీ మధ్య అట్లాంటిక్ అల నేరుగా వస్తుంది, అమ్మకు మళ్లీ బకెట్టే. పైగా 2024 జూలై 1న బెరిల్ తుఫాను అటు కారియకూను, యూనియన్ దీవిని తుడిచిపెట్టింది.

మన అండమాన్ ఉండగా ఇవన్నీ ఎందుకని అడిగేవాళ్లుంటారు. నేనూ అడిగాను. ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్న పోర్ట్‌బ్లెయిర్ బజారులో తెలుగు మాట్లాడితే పని జరుగుతుంది, అంతమంది మనవాళ్లున్నారు. ఏప్రిల్‌లో సముద్రం కూడా బాగుంటుంది. కానీ కుటుంబానికి తెరచాప పడవ వారం అద్దెకు ఇచ్చే వ్యాపారం అక్కడ ఇంకా ఎదగలేదు, చాలా దీవుల్లో అడుగుపెట్టాలంటే అనుమతులు కావాలి, కొన్నిట్లో అసలు పెట్టకూడదు. ఫెర్రీలో వెళ్లి స్వరాజ్ ద్వీప్ చూసిరావడం వేరే ప్రయాణం.

ఇక మిగిలింది సీషెల్స్, హిందూ మహాసముద్రంలో ఆఫ్రికాకు తూర్పున ఉన్న దీవుల దేశం.

నూటికి పైగా దీవులు. పడవలవాళ్లు తిరిగేది లోపలి దీవుల్లోనే: మాహే, ప్రాలిన్, లా డీగ్, వాటి చుట్టూ చిన్నచిన్నవి. పగడపు దిబ్బలు కావు, గ్రానైట్ కొండలు. కొండ ఉంటే గాలిచాటు ఉంటుంది. మనకు నైరుతి, ఈశాన్యం ఎలాగో వాళ్లకూ రెండే గాలులు. మే నుంచి అక్టోబర్ దాకా ఆగ్నేయ గాలి, జూలై ఆగస్టుల్లో ముమ్మరం. నవంబర్ చివరినుంచి మార్చి దాకా వాయవ్య గాలి, డిసెంబర్ జనవరుల్లో కుండపోత వాన. ఈ రెండిటి మధ్య గాలి ఎటు తిరగాలో తేల్చుకోలేక ఊరికే ఉండే నెలల్లో ఏప్రిల్ ఒకటి. ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. ఒకే తీరం ఆర్నెల్లు స్వర్గం, ఆర్నెల్లు నరకం. ప్రాలిన్‌లో ఆన్స్ లాజియో అనే తీరం వాయవ్యానికి తిరిగి ఉంటుంది. ఆగ్నేయ గాలి రోజుల్లో చెరువులా ఉండే ఆ తీరంలో జనవరిలో లంగరు వేస్తే రాత్రంతా ఉయ్యాలే. లా డీగ్‌లో గ్రాండ్ ఆన్స్ సరిగ్గా దానికి తిరగబడి, ఆగ్నేయ గాలిలో ఈతగాళ్లను లాక్కుపోతుంది. అద్దె కంపెనీ ఇచ్చే పటంలో రెండూ ఒకే రంగులో ఉంటాయి.

అమ్మను ఒప్పించడానికి మళ్లీ అట్లాసు తీశాను. తుఫాను సుడి తిరగాలంటే భూమి తిరగడం వల్ల వచ్చే తిప్పుడు బలం కావాలి. భూమధ్యరేఖ దగ్గర ఆ బలం దాదాపు ఉండదు, అందుకే రేఖకు అయిదు డిగ్రీల లోపు తుఫాన్లు పుట్టడం బహు అరుదు. మాహే నాలుగున్నర డిగ్రీల దగ్గర ఉంది. ఇంకా దక్షిణాన పదో డిగ్రీ దగ్గరున్న ఫార్కార్ దీవులను 2016 ఏప్రిల్‌లో ఫంటాలా తుఫాను కొట్టిందని కూడా దాచకుండా చెప్పాను. అవి మేం వెళ్లే చోటికి ఏడువందల కిలోమీటర్ల పైనే. అమ్మ రేఖ మీద వేలు పెట్టి కాసేపు చూసి, "మరి సోమాలియా దొంగలో?" అంది. టీవీ చూసే మనిషి. 2009 ప్రాంతంలో సీషెల్స్ నుంచి ఆఫ్రికా వైపు బయలుదేరిన పడవను పట్టుకున్న మాట నిజమే, అది బయటి సముద్రంలో. లోపలి దీవుల మధ్య ఒక ఒడ్డునుంచి ఇంకో ఒడ్డు కనిపిస్తూనే ఉంటుంది. "కనిపిస్తే సరే" అంది.

తమ్ముడి అభ్యంతరం మాత్రం నిజమైనది. "అక్కా, ఏప్రిల్‌లో గాలే లేకపోతే తెరచాప పడవ ఎందుకు? ఇంజన్ వేసుకుని డీజిల్ వాసన చూడ్డానికా? న్యూజెర్సీ నుంచి ఇరవై గంటలకు పైగా ఎగిరొచ్చేది దీనికా?" వాడికి గాలి సరదా. మాకు గాలి భయం. ఒకే పడవలో ఇద్దరికీ సరిపోయే నెల లేదు. కుటుంబంతో వెళ్లేటప్పుడు అందరిలో బలహీనమైన కడుపు ఎవరిదో వాళ్ల మాటే చెల్లాలన్నది నా పక్షం. బలమైనవాడు గాలి లేక విసుక్కుంటాడు, అంతే. బలహీనమైన మనిషి నేల మీద కూచుంటే పడవలో ఎనిమిదిమందికీ సెలవు పోయినట్టే. ఫుకెట్ తిరుగు దారిలో ఆ నాలుగు గంటలు ఒక్కళ్లం కూడా నవ్వలేదు.

పడవ విషయంలో గొడవ పడలేదు. రెండు పొట్టల కాటమరాన్. ఈ మాట మన పక్కింటి తమిళం కట్టుమరం నుంచే పోయిందని పిల్లలకు చెబితే నమ్మలేదు. అది పక్కకు ఒరగదు, కూజా బల్ల మీదే ఉంటుంది. నాలుగు గదులు, ఎనిమిదిమందికి పడక. సర్టిఫికెట్ ఉన్న తమ్ముడుండగా సరంగు ఎందుకని మా మరదలు అడిగింది, ఖర్చు కూడా చిన్నది కాదు. ఆ ఊళ్లో పుట్టిన మనిషి కావాల్సిందేనని నేనన్నాను. ఏ మూల ఇసుక, ఏ మూల రాయి, ఏ రేవుకు రాత్రి అల తిరిగొస్తుందో పటంలో ఉండదు. తమ్ముడి అహం రెండు రోజులు అలిగి, మూడోరోజు ఆయన దగ్గర ముడులు నేర్చుకుంది.

మనవాళ్లు ఎవరూ ముందుగా చెప్పనిది నీళ్ల సంగతి. మా పడవ ట్యాంకు ఏడువందల లీటర్లు. ఎనిమిదిమంది, సరంగుతో తొమ్మిది. ఇంట్లో మా అమ్మ ఒక్క పొద్దుటి స్నానానికే రెండు బకెట్లు వాడుతుంది. వంట, గిన్నెలు, ఉప్పునీళ్ల ఒంటిని కడుక్కోవడం, మరుగుదొడ్డి అలవాట్లు, అన్నీ కలిపితే ట్యాంకు రెండో రోజుకే గుక్కపెడుతుంది. అందుకే చోటు ఎంచుకునేటప్పుడు మధ్యలో నీళ్లు ఎక్కడ నింపుతారు, పడవలో ఉప్పునీటిని మంచినీరు చేసే యంత్రం ఉందా అని అడగాలి. మేం యంత్రమున్నదే తీసుకున్నాం. అయినా పెద్దవాళ్లకు మగ్గు, పిల్లలకు సముద్రం అని రూలు పెట్టాల్సి వచ్చింది. ఇక మరుగుదొడ్డిలో కాగితం వేయకూడదు, గొట్టం మూసుకుపోతుంది. ఆ ఒక్క విషయంలో మనం పుట్టుకతోనే నావికులం.

విక్టోరియా ఊళ్లో సామాను కొనడం పండగ. సెల్విన్ క్లార్క్ మార్కెట్లో కరివేపాకు, పచ్చిమిర్చి, సీమపనసకాయలు. తమిళ కుటుంబాల కొట్లలో కందిపప్పు. ఊరి మధ్యలోనే రంగుల గోపురంతో నవశక్తి వినాయకుడి గుడి. అమ్మ కొబ్బరికాయ కొట్టి, ఆ ప్రసాదం ముక్క పడవ ముందు భాగంలో పెట్టింది. సరంగు ఏమీ అనలేదు. ఇలాంటివి ఆయన చూసే ఉంటాడు.

మొదటి రాత్రి దూరం పోలేదు. మాహే ఎదురుగానే ఉన్న సెంట్ ఆన్ మెరైన్ పార్కులో ఆగాం. అందరూ పడవలో నిద్రపోవడం అలవాటు చేసుకోవాలి కదా. అసలు పరీక్ష మర్నాడు. మాహే నుంచి ప్రాలిన్ వైపు పాతిక మైళ్ల దాకా, నడిసముద్రం. ఈ ప్రయాణం మొత్తంలో భయపడాల్సింది ఆ ఒక్క పూటే. ఏడింటికి బయలుదేరాం. అమ్మ బయలుదేరడానికి గంట ముందే, డాక్టర్ను అడిగి తెచ్చుకున్న అవోమిన్ మాత్ర వేసుకుని, వెనక బల్ల మీద కూచుని, అల్లం ముక్క నములుతూ, చెప్పినట్టే దూరపు గీత కేసి చూస్తూ ఉంది. నేను ఆమె కేసి చూస్తూ ఉన్నాను. అయిదు గంటలు. నీళ్లు నూనె పోసినట్టున్నాయి. ఇంజన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. తమ్ముడు రెండుసార్లు తెరచాప ఎత్తాడు, రెండుసార్లూ అది ఉతికిన దుప్పటిలా వేలాడింది.

క్యూరియస్ దీవి దగ్గర రెండు రాత్రులున్నాం. సీషెల్స్‌లోనే దూరంగా ఉన్న అల్దాబ్రా దీవుల నుంచి తెచ్చిన పెద్ద తాబేళ్లు అక్కడ ఆవుల్లా తిరుగుతుంటాయి, మెడ నిమిరితే సాగదీసి నిలబడతాయి. పిల్లలు మధ్యాహ్నం భోజనానికి రానన్నారు. ఒకప్పుడు కుష్ఠురోగుల్ని వెలివేసిన దీవి అది. పాత డాక్టరు గారి ఇల్లు ఇంకా ఉంది. ఎదురుగా ప్రాలిన్‌లో వలే ద మే అడవి, జోడు కొబ్బరిలాంటి కోకో డి మెర్ కాయలు. మన సన్యాసుల కమండలాలు కొన్ని ఆ చిప్పలతోనే చేసేవాళ్లు.

రెండో రాత్రి రెండింటికి వాన, దానితో గాలివిసురు. అంతా ఇరవై నిమిషాలే. కానీ లంగరు చుట్టూ పడవ గిర్రున తిరిగింది, అప్పటిదాకా మాకు చాటుగా ఉన్న ఒడ్డు వెనక్కి వచ్చింది. తమ్ముడు, సరంగు లేచి వచ్చేసరికే అమ్మ బయట కూచుని ఉంది. "గాలి మళ్లింది" అంది చీకట్లోకి చూస్తూ. నీటి లోతుకు అయిదింతల గొలుసు వదిలి ఉంది కాబట్టి లంగరు జారలేదు. సరంగు టార్చి వేసి గొలుసు చూసి, వెళ్లి పడుకున్నాడు. అమ్మ మాత్రం తెల్లారేదాకా లోపలికి రాలేదు. నేనూ పక్కనే ఉన్నాను. ఆ రాత్రి ఆమె దివిసీమ గురించి చెప్పినంత ఎప్పుడూ చెప్పలేదు. అది ఇక్కడ రాయను.

లా డీగ్ చేరాక ఒక తమాషా. తమ్ముడు గ్రూపులో మొట్టమొదట పెట్టిన ఫొటో, నున్నటి గ్రానైట్ బండల మధ్య గులాబీ ఇసుక, ఆన్స్ సూర్స్ దర్జాన్. దానికోసమే వాడు సగం ఒప్పుకున్నాడు. దాని ముందంతా పగడపు దిబ్బ, మోకాటి లోతు నీళ్లు. పడవ దగ్గరికి రాదు! లా పాస్ రేవులో పడవ కట్టేసి, అద్దె సైకిళ్లు తీసుకుని, పాత కొబ్బరితోట గేటు దగ్గర టికెట్టు కొని నడిచి వెళ్లాం. అదే ఫొటో తీయడానికి ఫెర్రీలో వచ్చినవాళ్లు వరుసలో నిలబడి ఉన్నారు. అమ్మ ఇసుకలో రాలిన గుండ్రటి కాయలు ఏరి, "ఇది పొన్న కదే" అంది. అవును, వాళ్లు టకమాకా అనేది మన పొన్నచెట్టే. పక్కన బాదంచెట్టు, దూరంగా సరుగుడు. ఇంత ఖర్చుపెట్టి వచ్చి చూస్తే హంసలదీవి చెట్లు.

పగడాల గురించి ఆశ పెంచుకోవద్దు. 1998లో సముద్రం వేడెక్కి లోపలి దీవుల పగడాల్లో చాలా భాగం తెల్లబడి చచ్చిపోయాయి, 2016లో మళ్లీ దెబ్బ తగిలింది. సెంట్ పియర్ రాళ్ల దగ్గర చేపలు గుంపులుగా ఉన్నాయి, పిల్లలకు అది చాలు. పగడాలే ముఖ్యమనుకునే ఇల్లయితే నా లెక్క మొత్తం మారిపోతుంది. ఎండ కూడా మామూలుగా లేదు. గాలి లేని ఏప్రిల్‌లో పడవ లోపల మధ్యాహ్నం పెనమే. ఏసీ వేయాలంటే జనరేటర్, జనరేటర్ వేస్తే చప్పుడు. సాయంత్రం ఆరున్నరకల్లా చీకటి, ఆలోపు లంగరు వేయాల్సిందే. ఇవన్నీ తమ్ముడు రోజూ బిగ్గరగా చదివి వినిపించాడు.

తిరిగి మాహేకి వచ్చే రోజు మాత్రం మధ్యాహ్నం ఆగ్నేయం నుంచి పది పన్నెండు నాట్ల గాలి లేచింది. ఇంజన్ ఆపేశారు. చప్పుడు ఆగిపోగానే అమ్మ కళ్లు తెరిచి "ఏమైంది?" అంది. ఏమీ కాలేదు, పడవ నడుస్తోంది. తమ్ముడు చక్రం పట్టుకున్నాడు, వాడి పెద్దవాడు తాడు పట్టుకున్నాడు. అమ్మ మళ్లీ నిద్రపోయింది. రెండున్నర గంటలు అలా వచ్చాం.

ఆ రాత్రే వాడు లెక్క తీసి గ్రూపులో పెట్టాడు: ఏడు రోజులు, ఇంజన్ ముప్ఫై గంటలు, తెరచాప ఆరుంపావు గంటలు, వాంతులు సున్నా. అమ్మ ఆ మెసేజీని పిన్ చేయించింది. వాడు దాని కిందే గ్రెనడీన్ దీవుల ఫొటోలు పెట్టడం మొదలుపెట్టాడు.